21 గేర్ల సైకిలు మీద ఏడాదిన్నర ఆఫీసు ప్రయాణం

2024 జూన్ మొదటి వారంలో కొన్న గేర్ల సైకిలు మీద నేను హైదరాబాద్‌లో తార్నాక నుంచి లక్డీకాపూల్‌లోని ఆఫీసుకు ఏడాదిన్నరగా వెళ్లి వస్తున్నాను. హ్యాండిలుకు బిగించుకున్న చిన్న మీటరు నిన్న సాయంత్రానికి 6,412 కిలోమీటర్లు చూపించింది. రెండు వానాకాలాలు, ఒక నిండు ఎండాకాలం గడిచాయి కాబట్టి ఈ సైకిలు గురించి ఇప్పుడు నమ్మకంగా రాయవచ్చుననిపించింది. కొన్న కొత్తలో రాసే సమీక్షలు నేనూ చాలా చదివాను. వాటిలో రంగు, బరువు, గేర్ల సంఖ్య వంటి వివరాలన్నీ ఉంటాయి గానీ, ఆగస్టు నెలలో సాయంత్రం ఆరున్నరకు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర వాన పట్టుకుంటే ఆ సైకిలు ఎలా నడుస్తుందో, వెనక బరువు పెట్టుకుని ఏడాది పాటు తిరిగితే దానిలో ముందుగా ఏది పాడవుతుందో ఉండదు. రోజూ ఆఫీసుకు వెళ్లే మనిషికి కావలసింది ఆ సమాచారమే.

సైకిలు వివరాలు ముందుగా చెబుతాను. దుకాణాల్లో హైబ్రిడ్ అనే పేరుతో అమ్మే రకం ఇది, అంటే తారు రోడ్డు సైకిలుకూ కొండదారుల సైకిలుకూ మధ్యరకం. అల్యూమినియం ఫ్రేము, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఇనుప ఫోర్కు, 700 బై 35 టైర్లు, రిమ్మును రెండు వైపుల నుంచి పట్టుకునే వి-బ్రేకులు, ముందు 3 పళ్లచక్రాలు, వెనక 7 పళ్లచక్రాలు, వెరసి 21 గేర్లు. బరువు 14 కిలోల చిల్లర. ధర 17,200 రూపాయలు పడింది. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఎందుకంటే ఈ ధరలో దొరికే హైబ్రిడ్‌లలో ఫ్రేము మీద అతికించిన పేరు మారుతుంది గానీ, గేర్లు, బ్రేకులు, చక్రాలు చాలావరకు ఒకే స్థాయివి వస్తాయి. నేను రాసే మంచిచెడ్డలు వాటన్నిటికీ ఇంచుమించు వర్తిస్తాయి.

నా దారి ఎలాంటిదో తెలిస్తే గానీ నా అభిప్రాయాలకు విలువ కట్టడం కుదరదు. తార్నాకలో బయలుదేరి, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఆర్ట్స్ కాలేజీ మీదుగా అడిక్‌మెట్ వంతెన ఎక్కి దిగి, విద్యానగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, ఇందిరా పార్కు, దోమలగూడ, లిబర్టీ, బషీర్‌బాగ్, అసెంబ్లీ దాటి లక్డీకాపూల్ చేరతాను. దాదాపు 11 కిలోమీటర్లు. పొద్దున ఏడున్నరకు బయలుదేరితే 45 నిమిషాలు, సాయంత్రం తిరుగు ప్రయాణానికి 55 నిమిషాలు పడుతుంది. యూనివర్సిటీ లోపలి చెట్ల నీడ దాటాక మిగిలినదంతా బస్సుల, ఆటోల దారి. 2023 ఆగస్టులో ప్రారంభమైన ఇందిరా పార్కు, వీఎస్‌టీ ఉక్కు వంతెన మీదికి నేను వెళ్లను. పైన వాహనాలు సిగ్నళ్లు లేకుండా వేగంగా దూసుకుపోతాయి, సైకిలు పక్కకు తప్పుకోవడానికి చోటు ఉండదు. వంతెన కింది పాత రోడ్డులోనే వెళతాను. సిగ్నళ్ల దగ్గర నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టినా, ఏప్రిల్, మే నెలల్లో ఆ వంతెన నీడ నాకు పెద్ద ఉపకారం చేసింది.

ఇక గేర్లు. దుకాణంలో అన్నిటికంటే ఎక్కువగా చెప్పేది వాటి గురించే. కొనే ముందు నేను కూడా 21 అనే అంకెకు విలువ ఇచ్చాను. ఏడాదిన్నర తర్వాత లెక్క చూసుకుంటే, నేను నిజంగా వాడేవి నాలుగో, ఐదో. నా సైకిలుకు ముందు చక్రాలు 48, 38, 28 పళ్లవి. వెనకవి 14 పళ్ల నుంచి 28 పళ్ల దాకా ఉన్నాయి. ముందు 38, వెనక 18 మీద ఉంచితే పెడలు ఒక్క చుట్టు తిప్పినప్పుడు సైకిలు దాదాపు నాలుగున్నర మీటర్లు ముందుకు పోతుంది. నిమిషానికి 65 చుట్లు తిప్పితే గంటకు 18 కిలోమీటర్ల వేగం వస్తుంది. నగరంలో అంతకు మించిన వేగం అవసరమూ లేదు, క్షేమమూ కాదు. అడిక్‌మెట్ వంతెన ఎక్కేటప్పుడు వెనక 24కో, 28కో మారుస్తాను. ముందున్న 28 పళ్ల చిన్న చక్రాన్ని మొత్తం మీద పదిసార్లు వాడి ఉంటానేమో.

21 అనే అంకెలో ఇంకో సంగతి కూడా ఉంది. ముందు 48, వెనక 24 పెట్టినా, ముందు 28, వెనక 14 పెట్టినా, రెండిట్లోనూ పెడలు ఒక చుట్టుకు చక్రం సరిగ్గా రెండు చుట్లు తిరుగుతుంది. లెక్కలో రెండు గేర్లుగా వచ్చినవి కాలికి ఒక్కటే. ఇలా ఒకదాని మీద ఒకటి పడేవన్నీ తీసేస్తే మిగిలేవి 21కి చాలా తక్కువ. పైగా ముందు గేరు మార్చే యంత్రం దుమ్ముకు, వానకు తరచూ తప్పుతుంది, చైను పక్కకు జారితే చేతులన్నీ నల్లబడతాయి. ముందు ఒకే చక్రం, వెనక ఏడు ఉన్న సైకిలు ఇదే ధరలో దొరికితే ఆఫీసుకు వెళ్లేవారు దాన్నే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పెద్ద గేరు పూర్తిగా పనికిరానిదని మాత్రం అనను. 2023 అక్టోబరులో ప్రారంభమైన ఔటర్ రింగు రోడ్డు పక్కనున్న 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ మీద ఒక ఆదివారం నార్సింగి నుంచి కొల్లూరు వైపు తొక్కాను. పైన నీడ, ఎదురుగా అడ్డులేని దారి, అడ్డంగా వచ్చే ఆటోలు లేవు. 48 పళ్ల చక్రం ఎందుకు పెట్టారో నాకు అక్కడ అర్థమైంది. కానీ ఆ ట్రాక్ నా ఇంటికీ నా ఆఫీసుకూ మధ్య లేదు.

ఈ సైకిలులో నాకు నచ్చనిది గేర్ల కంటే ముఖ్యమైనది. ఆఫీసుకు వెళ్లడానికి కావలసిన వస్తువులేవీ దానితో రావు. మడ్‌గార్డులు లేవు, క్యారియర్ లేదు, లైట్లు లేవు, తాళం లేదు, చైనుకు కవరు లేదు. రిఫ్లెక్టర్లు, ఒక చిన్న గంట వచ్చాయి, ఆ గంట కూడా పక్కనున్న ఆటో ఇంజను చప్పుడులో వినపడదు. మా నాన్నగారు పాతికేళ్లు తొక్కిన నల్లటి అట్లాస్ సైకిలుకు ఇవన్నీ కొన్ననాడే ఉన్నాయి. నిండు మడ్‌గార్డులు, మడిచిన పంచె కూడా తగలకుండా చైనును కప్పే కవరు, బియ్యం బస్తా మోసే క్యారియర్, రెండు కాళ్ల స్టాండు, చక్రానికి ఆనుకుని తిరిగే డైనమో లైటు. బరువు బాగా ఎక్కువే, గేర్లు లేవు, కానీ పనికి వెళ్లే మనిషి కోసం తయారైన సైకిలు అది. అట్లాస్ సంస్థ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడే మూతపడిందని చదివినప్పుడు ఇంట్లో అందరికీ మనసు కష్టమైంది. ఇప్పటి దుకాణాల్లో సైకిలు వ్యాయామ సాధనంగా కనిపిస్తుంది. దాన్ని వాహనంగా మార్చుకునే పని, ఖర్చు కొన్నవారి మీద పడుతున్నాయి.

ఆ ఖర్చు ఎంతో రాస్తాను, ఎందుకంటే కొనేటప్పుడు నాకు ఎవరూ చెప్పలేదు. నిండు మడ్‌గార్డులు 650, క్యారియర్ 1,100, ముందు వెనక చార్జింగ్ లైట్లు 900, యు ఆకారపు ఇనుప తాళం 1,200, మోగే గంట 80, హెల్మెట్ 1,500, చేతి పంపు 700. మొత్తం 6,130 రూపాయలు. అంటే 17,200 అనుకుని వెళ్లినవాణ్ణి ఆఫీసుకు వెళ్లగలిగే స్థితికి వచ్చేసరికి 23,330 ఖర్చు పెట్టాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీదా, వాటి విడిభాగాల మీదా జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కాబట్టి ఇప్పుడు కొనేవారికి కొంత కలిసివస్తుంది. సైక్లిస్టులకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు గానీ, దాన్ని ఖర్చుల జాబితా నుంచి తీసేయమని నేను ఎవరికీ చెప్పను.

మడ్‌గార్డుల విషయంలో నేను చేసిన పొరపాటు ఇంకొకరు చేయకూడదు. మొదట సీటు కింద గొట్టానికి తగిలించే పొట్టి ప్లాస్టిక్ రకం 200 పెట్టి కొన్నాను. 2024 జూలైలో మొదటి పెద్ద వానకు దాని పనితనం తెలిసింది. వెనక టైరు ఎత్తిపోసిన బురదనీరు చొక్కా మీద నడుము నుంచి మెడ దాకా ఒక నిలువు చారగా పడింది. అంతకంటే నష్టం ముందు చక్రం వల్ల జరిగింది. ముందు టైరు చిమ్మిన ఇసుకనీరు తిన్నగా చైను మీద, పెడలు ఇరుసు మీద పడి, వారం తిరిగేసరికి తొక్కుతుంటే కరకరమని శబ్దం మొదలైంది. తర్వాత టైరు చుట్టూ వచ్చే నిండు మడ్‌గార్డులు వేయించాను. వాటిని బిగించడానికి ఫోర్కు చివర, వెనక ఇరుసు పక్కన ఫ్రేముకు బోల్టు రంధ్రాలు ఉండాలి, టైరుకూ ఫ్రేముకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. నా సైకిలుకు అదృష్టవశాత్తూ రెండూ ఉన్నాయి. కొనేవారు దుకాణంలోనే వంగి ఆ రంధ్రాలు చూసుకోవాలి. అవి లేని సైకిలుకు మంచి క్యారియర్ కూడా నిలవదు.

క్యారియర్ వేయించాక ప్రయాణం తీరే మారిపోయింది. మొదటి రెండు నెలలు బ్యాగు వీపుకు తగిలించుకుని వెళ్లేవాణ్ణి. ఆఫీసు చేరేసరికి బ్యాగు ఆనిన చోటంతా చెమటతో తడిసి ముద్దయ్యేది. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా, తువ్వాలు, అన్నం డబ్బా క్యారియర్ పక్కకు వేలాడే సంచిలో పెడతాను. వీపుకు గాలి తగులుతుంది. మే నెలలో కూడా పొద్దున ఏడున్నరకు బయలుదేరి, ఆఫీసులో పది నిమిషాలు ఫ్యాను కింద కూర్చుని, తడి తువ్వాలుతో ఒళ్లు తుడుచుకుని చొక్కా మార్చుకుంటే పనికి ఏ ఇబ్బందీ రాలేదు. సాయంత్రం నాలుగు గంటల ఎండలో మాత్రం నేను బయలుదేరను, ఆరు దాటాకే బయటికి వస్తాను.

బ్రేకుల గురించి నా అభిప్రాయం కాలాన్ని బట్టి రెండు రకాలు. ఎండ రోజుల్లో ఈ వి-బ్రేకులు చాలా బాగా పనిచేస్తాయి, వాటిని సరిచేయడం కూడా ఒక చిన్న పానాతో ఇంట్లోనే అయిపోతుంది. వానలో మాత్రం బ్రేకు నొక్కాక మొదట రిమ్ము మీది నీటిపొర తుడుచుకుపోవాలి, ఆ తర్వాతే పట్టు దొరుకుతుంది. అందువల్ల వాన పడుతున్నప్పుడు రెండు బ్రేకులనూ ముందు నుంచే కొద్దికొద్దిగా నొక్కుతూ ఉండడం, ముందు బస్సుకు మామూలుకు రెట్టింపు దూరం పాటించడం అలవాటు చేసుకున్నాను. వాననీటితో కలిసిన సన్నటి ఇసుక రబ్బరు ముక్కలను ఆకురాయి మీద పెట్టినట్టు అరగదీస్తుంది. ఒక్కో వానాకాలంలో వెనక జత రెండుసార్లు మార్చాను. జత 120 రూపాయలే గానీ, అరిగిన సంగతి గమనించకపోతే లోపలి లోహం రిమ్మును కోసేస్తుంది. నా దారిలో వానలు ఎక్కువ, వంతెన దిగుడు ఉంది కాబట్టి, ఇంకో రెండు మూడు వేలు పెట్టగలిగితే రిమ్మును కాకుండా ఇరుసు దగ్గరి పళ్లేన్ని పట్టుకునే డిస్కు బ్రేకులున్న రకం తీసుకునేవాణ్ణి. చదునైన దారి ఉన్నవారికి ఆ ఖర్చు అవసరం లేదు.

నీళ్లు నిలిచిన రోడ్డు మీద సైకిలు తొక్కవద్దని ప్రత్యేకంగా రాస్తున్నాను. లోతు తెలియదు, మ్యాన్‌హోలు మూత ఉందో లేదో తెలియదు. అలాంటి సాయంత్రాలు నేను సైకిలును ఆఫీసులోనే తాళం వేసి వదిలేసి మెట్రోలో ఇంటికి వెళతాను.

టైర్ల దగ్గర ఈ సైకిలు నా పూర్తి మెప్పు పొందింది. 35 మిల్లీమీటర్ల వెడల్పు మన రోడ్లకు సరైనది. ఇంతకంటే సన్నవి గుంతల్లో రిమ్మును దెబ్బతీస్తాయి, కొండదారుల కోసం చేసిన లావు గరుకు టైర్లు తారు రోడ్డు మీద కాళ్ల బలాన్ని తినేస్తాయి. ఇంకా మంచి విషయం ట్యూబు వాల్వు. దీనికి మోటారు సైకిళ్లకుండే లావు వాల్వే వచ్చింది. ఈ చిన్న విషయం ఎంత పెద్దదో నాకు గత ఫిబ్రవరిలో విద్యానగర్ దగ్గర తెలిసింది. సన్న మేకు దిగి వెనక టైరు చప్పున దిగిపోయింది. అప్పటికి నా దగ్గర ప్యాచ్ సామాను లేదు. నడిపించుకుంటూ వెళితే రోడ్డు పక్కన చెట్టు కింద స్కూటర్లకు పంక్చర్లు వేసే పెద్దాయన ఒకరు కనిపించారు. సైకిలును చూడగానే ఆయన ముందు వాల్వు మూత విప్పి చూశారు.

"గిది బండి వాల్వే గదా సార్. సన్నది ఉంటె మా పంపు పట్టకపోవు. పరేషాన్ గాకుండ్రి, పది నిమిషాలల్ల చేసిస్త."

"కానియ్యి అన్నా. కానీ గాలి బండికి కొట్టినంత కొడితె సరిపోదు, ఇంకా గట్టిగ కావాలె."

"ఎంత గావాలె?"

"అరవై."

ఆయన ఒకసారి టైరును బొటనవేలితో నొక్కి చూసి, పక్కన రాసి ఉన్న అంకెలు నన్ను చదవమన్నారు. చదివి వినిపించాకే అరవై కొట్టారు. ట్యూబును నీళ్ల తొట్టిలో ముంచి బుడగలు వచ్చిన చోట ఆకురాయితో గీకి, సొల్యూషన్ రాసి, అది ఆరేదాకా ఊదకుండా ఓపిగ్గా ఆగి ప్యాచ్ వేశారు. తర్వాత టైరు లోపలి వైపంతా రెండు వేళ్లతో నెమ్మదిగా తడిమి, విరిగి ఉండిపోయిన మేకు మొన బయటికి లాగి నా అరచేతిలో పెట్టారు. ఆ మొనను తీయకుండా ఉంటే ఇందిరా పార్కు దాకా కూడా వెళ్లేవాణ్ణి కాదు. 40 రూపాయలు తీసుకున్నారు. ఆ ప్యాచ్ ఈరోజుకీ గాలి పట్టి ఉంచుతోంది. సన్నటి వాల్వులున్న సైకిలు కొనేవారు చిన్న మార్పిడి మూత ఒకటి ఎప్పుడూ దగ్గర ఉంచుకోవాలి, లేకపోతే పెట్రోలు బంకులో గాలి ఉచితంగా దొరుకుతున్నా ఎక్కించుకోలేరు.

ఇక నాకు కలిగిన అసలైన ఇబ్బంది. కొన్న మూడో వారంలో అడిక్‌మెట్ వంతెన ఎక్కుతుండగా ఎడమ పెడలు ఊగడం మొదలై, వంతెన మధ్యకు వచ్చేసరికి ఊడి పాదంతో పాటే వచ్చేసింది. వెనక వస్తున్న వాహనాలు ఆగినందువల్ల ప్రమాదం తప్పింది. పక్కకు వచ్చి చూస్తే పెడలు మరకు సన్నటి అల్యూమినియం తీగలాంటిది చుట్టుకుని ఉంది. కారణం ఇది. ఎడమ పెడలు మర మామూలు మరలకు వ్యతిరేకంగా, ఎడమవైపుకు తిప్పితే బిగుస్తుంది. సైకిలు డబ్బా విప్పి బిగించేటప్పుడు మరను వంకరగా ఎక్కించి పానాతో బలవంతంగా తిప్పితే, ఇనుప పెడలు, తనను బిగించే మెత్తటి అల్యూమినియం కడ్డీని, అంటే క్రాంకును, లోపల కోసేస్తుంది. కొద్ది రోజులు బాగానే ఉన్నట్టు కనిపించి, బరువు ఎక్కువ పడిన రోజున ఊడిపోతుంది. నేను దుకాణానికి వెళితే అది వాడకంలో వచ్చిన నష్టమన్నారు, మూడు వారాల సైకిలు అని రసీదు చూపించినా వినలేదు. 600 రూపాయలు పెట్టి కొత్త క్రాంకు వేయించుకోవలసి వచ్చింది. దుకాణం పేరు చెప్పి వాదన పెంచడం నా ఉద్దేశం కాదు. సైకిలు బిగించే పని చాలా చోట్ల హడావుడిగా జరుగుతుంది కాబట్టి కొనేవారు పక్కన నిలబడి చూడాలి. పెడలు మర మొదటి మూడు నాలుగు చుట్లు చేతి వేళ్లతోనే తేలిగ్గా ఎక్కాలి, ఆ తర్వాతే పానా పెట్టాలి. అలా కాకపోతే అక్కడే ఆపించాలి.

సీటు ఎత్తు కూడా దుకాణంలో ఎవరూ సరిచూడలేదు. నేల మీద రెండు పాదాలూ ఆనేలా పెట్టి ఇచ్చారు. అలా తొక్కితే మోకాలు ఎక్కువగా మడిచి బలం పెట్టాలి. పదిహేను రోజుల్లో మోకాలి చిప్ప కింద నొప్పి వచ్చింది. పెడలు బాగా కిందికి వెళ్లినప్పుడు కాలు దాదాపు చాచుకుని, మోకాలు దగ్గర కొద్దిపాటి వంపు మాత్రమే మిగిలేలా సీటు రెండు అంగుళాలు పైకి లేపాక నొప్పి మళ్లీ రాలేదు. ఆగినప్పుడు సీటు దిగి నిలబడడం మొదట ఇబ్బందిగా ఉంటుంది, వారంలో అలవాటవుతుంది.

ఆఫీసులో సైకిలు పెట్టుకునే చోటు కోసం కొంత పట్టుబట్టవలసి వచ్చింది. బండ్ల స్టాండులో సైకిలుకు చోటు లేదని మొదట అన్నారు. మూలనున్న ఇనుప స్తంభానికి కట్టుకుంటానని రాతపూర్వకంగా అడిగాక ఒప్పుకున్నారు. ఇప్పుడు ఆ స్తంభానికి మూడు సైకిళ్లు ఉంటున్నాయి. తీగ తాళాన్ని కటింగు ప్లేయరుతో కోసేయవచ్చు కాబట్టి బరువైనా యు తాళమే మేలు. దాన్ని ఫ్రేముకూ వెనక చక్రానికీ కలిపి వేయాలి. సీటును పానా లేకుండా ఊడదీసే మీట ఉంటే, దాని స్థానంలో బోల్టు వేయించుకోవాలి.

నిర్వహణ ఖర్చు నేను అనుకున్నదానికంటే తక్కువే అయింది. రెండు ట్యూబులు, బ్రేకు రబ్బర్లు, రెండు గేరు వైర్లు, ఒక చైను, ఏడాదికోసారి ఓవరాయిలింగు, అన్నీ కలిపి 3,000 దాటలేదు. ఇదే దూరం స్కూటరు మీద తిరిగితే, లీటరుకు 45 కిలోమీటర్లు వస్తుందనుకున్నా, లీటరు 107 రూపాయలు దాటిన పెట్రోలుకు రోజుకు 50 పైన అయ్యేది. సుమారు 290 రోజులు తొక్కాను కాబట్టి సైకిలు వెల చాలావరకు తిరిగివచ్చింది. చైను మాత్రం సమయానికి మార్చాలి. దాని కొలత తేలిక. కొత్త చైనులో 12 పూర్తి లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉంటాయి. ఇనుప స్కేలు పెట్టి చూసినప్పుడు అంగుళంలో పదహారో వంతు సాగితే మార్చేయాలి. దాన్ని వదిలేస్తే సాగిన చైను పళ్లచక్రాలను కూడా అరగదీసి ఖర్చు నాలుగింతలు చేస్తుంది. నాది 4,100 కిలోమీటర్ల దగ్గర మార్చాను.

ఇప్పుడు మిగిలిన లోపం వెనక చక్రం. 32 పుల్లల చక్రం ఇది. నా బరువు, క్యారియర్ మీది సంచి, తార్నాక నుంచి లక్డీకాపూల్ దాకా ఉన్న గుంతలు కలిసి దీనికి భారమయ్యాయి. గత సెప్టెంబరు నుంచి గేర్ల వైపు పుల్లలు మూడు విరిగాయి. ఒక్క పుల్ల విరిగినా చక్రం వంకరపోయి బ్రేకు రబ్బరును రాసుకుంటూ తిరుగుతుంది. నాన్నగారి సైకిలుకు ముందు 32, వెనక 40 పుల్లలు ఉండేవి. వెనక చక్రం మీదే బరువు ఎక్కువ పడుతుందని తెలిసి చేసిన లెక్క అది. ఇప్పటి సైకిళ్లలో చాలావాటికి ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఒకే సంఖ్య ఇస్తున్నారు. రామ్‌నగర్‌లో నేను బెండు తీయించుకునే మెకానిక్ ఈ చక్రాన్ని ఇంకా సాగదీయడం వృథా అని, 36 రంధ్రాల రిమ్ము, చక్రం మధ్యలో పుల్లలు తగిలించే హబ్బు తెచ్చుకుంటే లావు పుల్లలతో చేత్తో అల్లి ఇస్తానని చెప్పారు. సామానుకూ కూలికీ కలిపి 2,400 అవుతుందన్నారు. రిమ్ము, హబ్బు కొని ఆయనకు ఇచ్చాను. వచ్చే శనివారం చక్రం తయారవుతుంది, ఆ తర్వాత ఎన్ని కిలోమీటర్లకు మొదటి పుల్ల విరుగుతుందో, అసలు విరుగుతుందో లేదో మీటరు చూసి ఇక్కడే కింద చేరుస్తాను.